రాత్రి పదింటి అన్నం

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల ఫ్లాట్లలో రాత్రి కుక్కర్ విజిల్ వినపడేది తొమ్మిదిన్నరకి. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర గడిపి ఇంటికొచ్చి, స్నానం చేసి కంచం ముందు కూర్చునేసరికి పదవుతుంది. కంచంలో రెండు కప్పుల సోనా మసూరి అన్నం, దోసకాయ పప్పు, బంగాళదుంప వేపుడు, చివర్లో పెరుగన్నం. పదకొండున్నరకి పడక.

ఇదే కంచం పగలు తింటే ఒంట్లో షుగర్ ఒకలా పెరుగుతుంది, రాత్రి పదింటికి తింటే ఇంకోలా పెరుగుతుంది. బియ్యం అవే, వండిన చెయ్యి అదే, తిన్న మనిషీ ఆయనే. మారింది వేళ ఒక్కటే. షుగర్ గురించి మన ఇళ్లలో జరిగే మాటంతా ఏం తినాలి, ఎంత తినాలి అన్న దగ్గరే ఆగిపోతుంది. తెల్లన్నమా, కొర్రన్నమా అని గంటలకొద్దీ వాదించుకుంటాం. ఆ కొర్రన్నం కూడా రాత్రి పదింటికే తింటాం. ఈ పోస్టంతా ఎప్పుడు తినాలి అన్నదాని గురించే.

అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ షియర్ బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒకే భోజనాన్ని పొద్దున 8కి, రాత్రి 8కి పెట్టి చూసింది. రాత్రి తిన్నాక షుగర్ పొద్దుటికన్నా సగటున 17 శాతం ఎక్కువగా ఉంది. 2015లో అచ్చయిన ఫలితమిది. వాళ్లెవరికీ షుగర్ జబ్బు లేదని గుర్తుంచుకోండి. ఇన్సులిన్ తయారుచేసే క్లోమం బలంగా ఉన్నవాళ్లలోనే అంత తేడా ఉంటే, ఇప్పటికే గట్టు అంచున ఉన్నవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. మన దేశంలో అలా అంచున ఉన్నవాళ్లు తక్కువేం కాదు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌తో కలిసి చేసిన సర్వే 2023లో అచ్చయింది. దాని లెక్కలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, షుగర్ జబ్బుకి ముందు దశ అయిన ప్రీడయాబెటిస్‌లో ఉన్నవాళ్లు 13.6 కోట్లు.

ఎందుకిలా జరుగుతుందంటే, ఒంట్లో గడియారం ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. పెద్ద గడియారం మెదడు అడుగున ఉంటుంది, రెండు కళ్ల నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన. సుమారు 20,000 నాడీకణాల గుంపు అది, మొత్తం కలిపినా బియ్యపు గింజంత ఉండదు. దాని సొంత రోజు 24 గంటలకన్నా కాస్త పొడుగు, సగటున 24 గంటల 11 నిమిషాల దాకా ఉంటుంది. ఆ కొసరుని రోజూ సరిచేసేది వెలుగే. కంటి వెనక పొరలో చూపుతో పెద్దగా పని లేని కొన్ని కణాలున్నాయి. నీలి వెలుగు తగిలితే అవి నేరుగా ఈ గుంపుకి "తెల్లారింది" అని కబురు పంపుతాయి.

లోపల తిరిగే చక్రం కూడా తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక జన్యువు ఒక ప్రొటీన్‌ని తయారుచేయిస్తుంది. ఆ ప్రొటీన్ పోగుపడి, కణం నడిబొడ్డుకి చేరి, తనని పుట్టించిన జన్యువునే ఆపేస్తుంది. తర్వాత అది కరిగిపోతుంది, జన్యువు మళ్లీ మొదలుపెడుతుంది. ఈ చుట్టు తిరగడానికి పట్టే కాలమే ఒక రోజు. పళ్ల ఈగల్లో పీరియడ్ అనే ఇలాంటి జన్యువు మీద చేసిన పనికే జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకి 2017లో నోబెల్ వచ్చింది. ఈ శాస్త్రం మనకేమీ దూరపుది కాదు. మదురైలో ఎం.కె. చంద్రశేఖరన్ గుహల్లోని గబ్బిలాల గడియారాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ తర్వాత ఆయన బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రానికి వచ్చారు. వెలుగు చొరబడని గుహలో ఒంటరి గబ్బిలం గడియారం మెల్లగా గాడి తప్పుతుంది. తోటి గబ్బిలాల సందడి ఉంటే మాత్రం అదే గుహలో వేళ నిలుపుకుంటుంది. అంటే గడియారాన్ని సరిచేసే కబురు వెలుగే కానక్కర్లేదు.

మన లివర్ విషయంలో జరిగేదీ అదే. లివర్‌కి, క్లోమానికి, కండరాలకి, కొవ్వుకి దేనికదే సొంత గడియారం ఉంది. మెదడులోది వెలుగుని చూసి నడుస్తుంది. లివర్‌లోది మాత్రం తిండిని చూసి నడుస్తుంది. మెదడు "చీకటి పడింది, దుకాణం కట్టెయ్" అంటున్న వేళకి కంచం నిండా అన్నం దిగితే, లివర్ "ఇంకా బేరాలున్నాయి" అనుకుంటుంది. ఇద్దరు పెద్దలు చెరో మాట చెప్పే ఇల్లు ఎలా ఉంటుందో రాత్రిపూట ఒళ్లు అలా ఉంటుంది. 2010లో అమెరికా నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల్లో క్లోమంలోని గడియారాన్ని మాత్రమే చెడగొట్టి చూశారు. మిగతా ఒళ్లంతా బాగున్నా ఇన్సులిన్ సరిగా విడుదల కాక వాటికి షుగర్ వచ్చింది.

మనుషుల్లో దీనికి తోడు మెలటోనిన్ కూడా ఉంది. మామూలుగా పడుకునే వేళకి దాదాపు రెండు గంటల ముందు నుంచీ ఇది రక్తంలో పెరగడం మొదలవుతుంది. దీన్ని అందరూ నిద్ర హార్మోన్ అంటారు కానీ, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద కూడా దీని తాళంచెవి పట్టే తాళాల్లాంటి రిసెప్టర్లున్నాయి. ఈ రిసెప్టర్ జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకి షుగర్ ముప్పు ఎక్కువని 2009లోనే తేలింది. 2022లో స్పెయిన్‌లో 845 మందికి గ్లూకోజ్ తాగించి చూశారు. ఒకసారి పడుకోవడానికి 4 గంటల ముందు, ఇంకోసారి ఒక గంట ముందు. గంట ముందు తాగినప్పుడు మెలటోనిన్ 3.5 రెట్లు ఎక్కువ ఉంది, ఇన్సులిన్ 6.7 శాతం తగ్గింది, షుగర్ 8.3 శాతం పెరిగింది. జన్యువులో ఆ మార్పు ఉన్నవాళ్లకి దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. రాత్రి భోజనం ఆలస్యం చేయడంలో స్పెయిన్ వాళ్లు మన బెంగళూరుకి బాగా దగ్గర, అందుకే ఈ ఫలితం మన కంచానికి కూడా వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఇక పనిలోకి వద్దాం. బెంగళూరులో ఏడాది పొడుగునా సూర్యాస్తమయం సాయంత్రం 5:50 నుంచి 6:50 లోపే. ఊళ్లో తాతలు దీపం పెట్టే వేళకి తినేసేవారు. సిల్క్ బోర్డ్ దగ్గర ఆఫీసు, హొరమావులో ఇల్లు ఉన్న మనిషిని ఏడింటికి తినమనడం మాత్రం అన్యాయం. కాబట్టి భోజనాన్ని రెండు ముక్కలు చెయ్యాలి. బరువైన ముక్క ఆఫీసులోనే, ఆరున్నర ఏడు మధ్య తినాలి. పొద్దున డబ్బా కట్టేటప్పుడే రెండో డబ్బా కూడా కట్టాలి. రెండు పుల్కాలు, ఒక గరిటెడు గట్టి పప్పు లేదా గుప్పెడు ఉడికించిన శనగల గుగ్గిళ్లు, ఒక కూర. పుల్కా ఒక్కోటి 25 గ్రాముల పిండితో చేస్తే అందులో పిండిపదార్థం 17, 18 గ్రాములుంటుంది. ఉడికిన అన్నం 150 గ్రాముల కప్పులో 40 గ్రాముల పైన ఉంటుంది. ఇంటికొచ్చాక తొమ్మిదిన్నరకి తినేది మాత్రం తేలికగా ఉండాలి. ఒక గిన్నెడు కూర, ఒక ఉడికిన గుడ్డు లేదా 50 గ్రాముల పనీర్, ఒక గ్లాసు పల్చటి మజ్జిగ. అన్నం ఆ వేళకి వద్దు.

అన్నం మానెయ్యమని కాదు. అన్నం లేకపోతే భోంచేసినట్టే ఉండదన్నది మనకి పుట్టుకతో వచ్చిన సంగతి, దాంతో పోట్లాడి గెలిచినవాళ్లు తక్కువ. రాత్రి అన్నాన్ని మధ్యాహ్నానికి మార్చండి. మధ్యాహ్నం ఒక కప్పు తినేవాళ్లు ఒకటిన్నర తిన్నా పర్వాలేదు, రాత్రి రెండు కప్పులు తగ్గుతున్నాయి. కంచంలో ముందు కూర, పప్పు కాస్త తిని, తర్వాత అన్నంలోకి వెళ్తే షుగర్ ఇంకా నెమ్మదిగా ఎక్కుతుంది. తిన్న పావుగంటలోపు పది పదిహేను నిమిషాల నడక ఉంటే కండరాలు ఇన్సులిన్‌తో పెద్దగా పని లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నాలుగు చుట్లు తిరిగినా సరే.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ఆరున్నర డబ్బా మర్చిపోతారు, ట్రాఫిక్‌లో ఆకలి దంచేస్తుంది, కారులో మిక్చర్ పొట్లం విప్పుతారు, ఇంటికొచ్చి అన్నమూ తింటారు. అలాగైతే రెండు భోజనాలు కాస్తా మూడయ్యాయి, పాత పద్ధతే నయం. ఇంకో చోట, సాయంత్రం ఐదింటి టీలో రెండు చెంచాల చక్కెర, పక్కన రెండు బిస్కెట్లు. దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోరు. ఇంకొకళ్లు రాత్రి అన్నం మాని పళ్ల జ్యూస్ తాగుతారు. పెద్ద గ్లాసు బత్తాయి రసం ఒక్క గుటకలో దిగితే అది అన్నంకన్నా వేగంగా షుగర్‌ని ఎక్కిస్తుంది. వారమంతా బాగా ఉండి శుక్ర, శనివారాలు రాత్రి పన్నెండింటికి బిర్యానీ తినేవాళ్లకి ప్రతి సోమవారం విమానం దిగినట్టే ఉంటుంది. లివర్ గడియారం ఆ రెండు రాత్రుల్లో ఆలస్యం వైపు జరిగి, మళ్లీ వెనక్కి రావడానికి ఇంకొన్ని రోజులు తీసుకుంటుంది.

జిమ్‌లలో బాగా నడుస్తున్న పదహారు గంటల ఉపవాసం గురించి ఒక మాట. పొద్దున టిఫిన్ మాని, ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిది దాకా తినే పద్ధతి అది. గంటల లెక్క సరిపోతుంది కానీ తినే గంటలన్నీ రోజు చివరికి జరిగిపోతాయి. 2015లో ఇజ్రాయెల్‌లో డేనియేలా జాకుబోవిజ్ బృందం షుగర్ ఉన్న 22 మందిని చూసింది. టిఫిన్ మానేసిన రోజు మధ్యాహ్న భోజనం తర్వాత షుగర్ సుమారు 37 శాతం, రాత్రి భోజనం తర్వాత 27 శాతం ఎక్కువ పెరిగింది, తిన్నది మాత్రం అంతే. ఇటు 2018లో అమెరికాలో ప్రీడయాబెటిస్ ఉన్న మగవాళ్లకి పొద్దుటి నుంచి ఆరు గంటల్లోనే, మధ్యాహ్నం మూడులోపే తిండంతా పెట్టి చూశారు. ఐదు వారాల్లో బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ మాట ఒళ్లు బాగా వినడం మొదలుపెట్టింది, బీపీ తగ్గింది. మూడింటికి తిండి ముగించడం మనవల్ల కాదు, అక్కర్లేదు కూడా. దిశ మాత్రం అదే. ఉపవాసం చేసేవాళ్లు టిఫిన్‌ని కాదు, రాత్రి భోజనాన్ని కొయ్యాలి. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి సాయంత్రం ఆరున్నరకి ముగిస్తే పదమూడున్నర గంటల విరామం దానంతటదే వస్తుంది.

ఇదంతా మీ ఒంట్లో నిజమో కాదో గ్లూకోమీటర్‌తో ఇంట్లోనే చూసుకోవచ్చు. వంటింటి త్రాసు మీద ఉడికిన అన్నం సరిగ్గా 150 గ్రాములు తూచండి. పప్పు ఒకే గరిటెతో ఒకే కొలత, కూర ఒకటే. ఒక రోజు పొద్దున 8కి తినండి, ఇంకో రోజు రాత్రి 9:30కి తినండి. రాత్రి తినే రోజు దానికి ముందు కనీసం నాలుగు గంటలు ఏమీ తినకూడదు, టీ కూడా తాగకూడదు. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన గంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి చూడండి. లెక్క మొదటి ముద్ద నుంచి, చెయ్యి కడిగినప్పటి నుంచి కాదు. ఇలా పొద్దున మూడు రోజులు, రాత్రి మూడు రోజులు చేస్తే 18 స్ట్రిప్‌లు పడతాయి. చూడాల్సింది పెరిగిన అంకె, అంటే గంట తర్వాతి అంకెలోంచి తినక ముందు అంకె తీసేయగా మిగిలేది.

మూడు రోజులు ఎందుకంటే, మంచి మీటర్ కూడా అసలు విలువకి 15 శాతం అటూ ఇటూ చూపించొచ్చు, అంత వరకు ప్రమాణాలే ఒప్పుకుంటాయి. నిజంగా 150 ఉంటే తెర మీద 128 రావచ్చు, 172 రావచ్చు. ఒక్కరోజు 10 అంకెల తేడా చూసి సంబరపడటం, కంగారుపడటం రెండూ పనికిరావు. మూడు రోజుల సగటులో తేడా కనిపిస్తేనే అది తేడా. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, మామిడిపండు తొక్క తీసిన వేలితో చూస్తే వచ్చేది మామిడిపండు షుగర్. వేలి మొన మీద కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. చుక్క కోసం వేలిని గట్టిగా పిండకండి, కణజాలంలోని నీరు కలిసి అంకె మారుతుంది. స్ట్రిప్‌ల డబ్బా మూత వెంటనే పెట్టాలి, తేమ తగిలితే పాడవుతాయి.

షుగర్‌ని వరసగా చూపించే, చేతికి పెట్టుకునే 14 రోజుల సెన్సర్ ఉంటే బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది. కానీ అది రక్తాన్ని కాదు, చర్మం కింది నీటిని చూస్తుంది. అందుకే 5 నుంచి 15 నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఆ చేతి మీద ఒరిగి పడుకుంటే నడిరాత్రి షుగర్ పడిపోయినట్టు అబద్ధపు అలారం మోగుతుంది. అప్పుడు వేలి పరీక్ష చేశాకే ఏదన్నా తినాలి.

చాలామందిని బాధపెట్టే ఇంకో సంగతి పరగడుపు షుగర్. "రాత్రి రెండు పుల్కాలే తిన్నాను, అయినా పొద్దున 148 ఎందుకొచ్చింది?" అని అడగని షుగర్ మనిషి ఉండడు. ఇది కూడా గడియారం చేసే పనే. తెల్లవారుజామున గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ పెరిగి, మనిషి లేవబోతున్నాడని లివర్ దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యంగా ఉంటే క్లోమం ఆ పాటి ఇన్సులిన్ సర్దేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో సర్దలేదు. నిజంగా మీ సంగతి ఇదేనా అని తేల్చుకోవాలంటే ఒక్క రాత్రి చాలు, పడుకునేటప్పుడు, తెల్లవారుజామున 3కి, లేవగానే చూడండి. 130, 125, 150 ఇలా వస్తే ఇది తెల్లవారు పెరుగుదల. 185, 178, 175 ఇలా వస్తే తెల్లవారుజాముకి సంబంధం లేదు, అది రాత్రి భోజనం దిగకపోవడం. నూనె, నెయ్యి దండిగా ఉన్న భోజనం కడుపులోంచి ఆలస్యంగా దిగుతుంది కాబట్టి బిర్యానీ రాత్రుల్లో రెండో రకమే ఎక్కువగా కనిపిస్తుంది. మూడింటికి 70 లోపు వస్తే మందు మోతాదు ఎక్కువైందేమో అని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మొదటి రకంలో రాత్రి భోజనం పూర్తిగా మానేయడం మందు కాదు, ఆ మానడం వల్ల లివర్ ఇంకా వదలొచ్చు. తొందరగా, తేలికగా తినడం, సరిపడా నిద్ర, అవసరమైతే మందు వేళ మార్చడం, వీటివల్లే అది దారిలోకి వస్తుంది.

ఇప్పుడు ఈ ఊళ్లో ఎక్కువమందికి కావాల్సిన సంగతి, నైట్ షిఫ్ట్. ఎలక్ట్రానిక్ సిటీ, మాన్యతా, బెళ్లందూరు వైపు అమెరికా వేళలకి పనిచేసే మన పిల్లలు వేలల్లో ఉన్నారు. ఆస్పత్రుల్లో నర్సులు, కారు నడిపేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు కూడా. అమెరికాలో నర్సుల మీద దశాబ్దాల పాటు నడిచిన పరిశీలనలో, నెలకి కనీసం మూడు రాత్రులు చొప్పున మారే షిఫ్టులు చేసినవాళ్లని 2011లో లెక్కగట్టారు. మూడు నుంచి తొమ్మిదేళ్లు చేసినవాళ్లకి షుగర్ ముప్పు 20 శాతం, పది నుంచి పంతొమ్మిదేళ్లు చేసినవాళ్లకి 40 శాతం, ఇరవై ఏళ్లు దాటినవాళ్లకి 58 శాతం ఎక్కువ. ఇందులో పెద్ద భాగం ఆ షిఫ్టుల్లో పెరిగిన బరువు వల్ల వచ్చింది. బరువు తీసేసి చూసినా ఇరవై ఏళ్లు దాటినవాళ్లకి 24 శాతం మిగిలింది.

ఇంతకన్నా ధైర్యం చెప్పే ఫలితం 2021లో వచ్చింది. షియర్ బృందమే 19 మందిని ప్రయోగశాలలో పెట్టి రాత్రంతా మేలుకునే పద్ధతిలో ఉంచింది. సగంమంది రాత్రి కూడా తిన్నారు, మిగతావాళ్లు పగలు మాత్రమే తిన్నారు. రాత్రి తిన్నవాళ్లకి షుగర్ 6.4 శాతం పెరిగింది, పగలే తిన్నవాళ్లకి పెరగలేదు. మేలుకోక తప్పకపోయినా, తినకుండా ఉండటం మన చేతిలో ఉంది.

సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30 దాకా షిఫ్ట్ అనుకోండి. ఐదింటికి పడుకుని పన్నెండుకి లేస్తే, ఒంటిగంటకి తినేదే పెద్ద భోజనం, అన్నం అప్పుడే. నాలుగింటికి ఒక పండు, గుప్పెడు వేరుశనగలు. రెండో భోజనం ఆఫీసుకి చేరగానే, ఏడింటికి, పుల్కాలు, పప్పు, గుడ్డు. ఎనిమిదిన్నర దాటాక నీళ్లు, చక్కెర లేని టీ, పల్చటి మజ్జిగ మాత్రమే. నడిరాత్రి కడుపు మరీ మండితే ఒక ఉడికిన గుడ్డు లేదా 30 గ్రాముల వేయించిన శనగలు తినండి, నూడుల్స్, పఫ్‌లు వద్దు. కాఫీ ఆఖరి కప్పు పదకొండు లోపు, పడుకోవడానికి ఆరు గంటల ముందన్నమాట. రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా పనిచేసేవాళ్లు బయల్దేరే ముందు ఎనిమిదిలోపు తినాలి. పొద్దున ఇంటికొచ్చి ఒక పెసరట్టు, ఉప్మా నింపకుండా, తిని గంట ఆగి పడుకోవాలి. మూడున్నరకి లేచి నాలుగింటికి పెద్ద భోజనం.

షిఫ్ట్ అయిపోగానే స్నేహితులంతా కలిసి హోస్కోటెకి బిర్యానీకి వెళ్లడం ఇక్కడ ఒక ఆచారంలా అయిపోయింది. తెల్లవారుజామున నాలుగు, ఐదింటికి వేడివేడి దమ్ బిర్యానీ, దానికోసం బారులు తీరిన జనం. ఆ వేళకి ఒంట్లో మెలటోనిన్ ఇంకా దిగలేదు, తిన్న వెంటనే పడక. షుగర్ దృష్టితో చూస్తే రోజు మొత్తంలో ఇంతకన్నా చెడ్డ వేళ ఇంకోటి లేదు. అదే బిర్యానీని ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి తినండి, దానిలో సగం హాని పోతుందని చెప్పను కానీ, తేడా మీ మీటర్ మీదే కనిపిస్తుంది. అలసిన కళ్లతో ఆ వేళ పాత మద్రాసు రోడ్డు మీద బండి నడపడం వేరే ప్రమాదం, నిద్ర ఒంటి మీద అతి గట్టిగా విరుచుకుపడే గంటలవి.

వారం వారం మారే షిఫ్ట్ అన్నిటికన్నా కష్టం. ఒళ్లు రోజుకి దాదాపు గంట చొప్పున మాత్రమే జరగగలదు, ఎనిమిది గంటల మార్పుకి అలవాటుపడేలోపే వారం తిరిగిపోతుంది. మేనేజర్‌ని అడగగలిగితే నెలకోసారి మారేలా, పొద్దుటి షిఫ్ట్ నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి రాత్రికి వెళ్లేలా అడగండి. ముందుకి జరగడం ఒంటికి తేలిక, వెనక్కి జరగడం కష్టం.

షిఫ్ట్ వాళ్లు చేయించుకునే పరీక్షలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. రాత్రంతా పనిచేసి, ఇంటికెళ్తూ దారిలో ల్యాబ్‌లో పరగడుపు రక్తం ఇచ్చేస్తారు. నిద్ర లేని ఒంట్లోంచి తీసిన ఆ రక్తం మామూలు పరగడుపు కాదు. కనీసం రెండు రాత్రులు సరిగా నిద్రపోయాక, సెలవు రోజు పొద్దున ఇవ్వండి. మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఉండి ఇచ్చినా సరిపోదు, పరగడుపు షుగర్ మధ్యాహ్నానికి సహజంగానే తగ్గుతుంది, ఉన్న జబ్బు దాక్కోవచ్చు. పరగడుపు 100 నుంచి 125 ప్రీడయాబెటిస్, 126 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ప్రీడయాబెటిస్, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్. ఐరన్ లోపంతో రక్తం తక్కువున్న ఆడవాళ్లలో ఈ పరీక్ష ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ కూడా పక్కనే చూడాలి.

వెలుగు గురించి కొంచెమే. 2022లో ఒక ప్రయోగంలో, 100 లక్స్ వెలుగులో, అంటే గదిలో ఓ మోస్తరు దీపం వేసినంతలో, ఒక్క రాత్రి పడుకున్న ఆరోగ్యవంతులకే మర్నాడు పొద్దున ఇన్సులిన్ సరిగా పనిచేయలేదు. పడకగదిలో టీవీ, దీపం ఆర్పేయండి, వీధి దీపం పడే కిటికీకి మందపు కర్టెన్ వేయండి. పొద్దున లేచిన గంటలోపు ఇరవై నిమిషాలు మేడ మీదో, బాల్కనీలోనో బయటి వెలుగులో ఉండండి. మబ్బు రోజైనా బయటి వెలుగు ఇంట్లో దీపాలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

మందులు వాడేవాళ్లకి మాత్రం గట్టిగా చెప్పాలి. గ్లిమిపిరైడ్‌లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఈ పోస్టు చదివి రేపే రాత్రి అన్నం మానేయకూడదు. మందు పాత భోజనానికి సరిపడా పనిచేస్తుంది, భోజనం తగ్గితే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, గుండె దడ, మాట తడబాటు వస్తే వెంటనే చూసుకోవాలి. 70 లోపు ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలు వాడేవాళ్లు పొడవైన ఉపవాసాలు చేయకూడదు, షుగర్ మామూలుగా కనిపిస్తూనే, రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టరుకి "నా భోజనం వేళ మారుస్తున్నాను, మోతాదు చూడండి" అని చెప్పండి. రెండు వారాల అంకెలు రాసుకెళ్తే ఆయనకి కూడా తేలిక.

వేళ ఒక్కటే సరిచేస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోవద్దు. చెన్నైలో ఎ. రామచంద్రన్ నడిపించిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ 2006లో, ప్రీడయాబెటిస్ ఉన్న మనవాళ్లలో నడక, తిండి అలవాట్ల మార్పుతోనే షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గుతుందని చూపించింది. అందులో వేళల ఊసు లేదు. కొలత, నడక గోడలైతే, వేళ వాటి మీద వేసే కప్పు. గోడలు లేకుండా కప్పు నిలవదు.

ఈ మార్పు ఇంట్లో ఎవరితో మొదలుపెట్టాలి అన్నది ఎక్కువమంది ఆలోచించరు. షుగర్ ఉన్న మగాయనకి ఏడింటికే పుల్కాలు వేసిపెడతారు, పిల్లలకి ఎనిమిదికి, ఆలస్యంగా వచ్చే కొడుక్కి పదింటికి. "మీరు తినండి, నేను తర్వాత తింటాలే" అంటూ, అందరి కంచాలూ తీసి, పొయ్యి గట్టు తుడిచి, మిగిలిన అన్నం పారేయలేక ఆమె కూర్చునేది పదిన్నరకి. మిగిలిన వేపుడు, మాడిన అడుగన్నం, పచ్చడి. పొద్దున అందరికన్నా ముందు లేచేదీ ఆమే, నిద్ర ఆరు గంటలైనా ఉండదు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తగ్గినవాళ్లయితే ఆ తర్వాత అసలు షుగర్ వచ్చే ముప్పు చాలా రెట్లు ఎక్కువ, అలాంటివాళ్లు ఏటా పరీక్ష చేయించుకోవాలి. ఏడింటికి ఆయనకి పుల్కాలు వేసేటప్పుడే ఆమె కంచం కూడా పక్కనే పెట్టండి. పదింటికి వచ్చేవాళ్లు డబ్బాలో ఉన్నది తామే వేడిచేసుకుని తినగలరు.